నాలుగో దరఖాస్తు

పది గంటల పది నిమిషాలకు మా తలుపు కొట్టిన ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు.

"వాకబమ్మంటే మీరేనా?"

"నేనే. ముందు కూర్చోండి."

"కూర్చునే టైము లేదమ్మా. మా అమ్మాయి కనబడ్డం లేదు. బేకరీలో కేకుల మీద పూలు వేస్తుంది చూడండి, అది. పోయిన వారం మీరే కదా దాని గురించి వాకబు చేసింది. నేను దాని పిన్నిని."

చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది తగాదాకే వస్తారు. ఈవిడది తగాదా మొహం కాదు, చూపు ఒకచోట నిలవడం లేదు.

నా పని ఇది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు తాళంచెవి చేతికిచ్చే ముందు నన్ను పిలుస్తారు. వచ్చేవాళ్ళు ఎవరు, ఎక్కడ పనిచేస్తారు, పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేశారు, గోడకు మేకు కొడితే అడిగి కొడతారా అడక్కుండా కొడతారా, అన్నీ కనుక్కుని రాసిస్తాను. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం చేశాను. ఇంటి ముందు నిలబడి లోపలి మనుషుల్ని అంచనా వెయ్యడం అప్పుడే అలవాటైంది. పేటలో వాళ్ళు నాకు వాకబమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఫోనెత్తి నేనే అలా చెప్పుకుంటున్నాను.

పోయిన వారం ఒక ఓనరు నాలుగు దరఖాస్తులు నా చేతిలో పెట్టాడు. పై పోర్షను, ఆడవాళ్ళకు మాత్రమే, పిల్లలున్నా పర్వాలేదు. నాలుగోది ఈ కేకులమ్మాయిది. ఆరేళ్ళ కూతురుంది. భర్త పేరు రాయాల్సిన గడిలో అడ్డగీత గీసి వదిలేసింది.

అడిగితే, వేళ్ళకంటిన క్రీము తుడుచుకుంటూ, "వదిలేసి వచ్చానండి" అంది. నా పెన్ను వంక చూసి, "ఇప్పుడెక్కడుంటున్నానో మాత్రం రాయకండి" అంది.

"రాయకపోతే అది రిపోర్టెలా అవుతుందమ్మా" అన్నాను.

రాశాను. పిన్ని ఇంటి నెంబరు, బేకరీ షిఫ్టు, పూచీ ఇచ్చిన ఇద్దరి చిరునామాలు, పాప స్కూలు, స్కూలు వదిలే టైముతో సహా రాశాను. నా రిపోర్టులో ఖాళీ గడి ఉండదని నాకు మహా గర్వం.

"పొద్దున ఎనిమిదింటికి ఓనరు ఫోన్ చేశాడు" అంది పిన్నిగారు. "ఇల్లు నీకే ఖాయం, తొమ్మిదిలోపు వచ్చి సంతకం పెట్టు అన్నాడట. పాపని స్కూల్లో దింపి అటే వెళ్ళింది. తొమ్మిదింపావు నుంచి ఫోను పలకడం లేదు."

"దారిలో ఏదో పని పడిందేమో."

"దాని మొగుడి సంగతి మీకు తెలీదమ్మా. ఒకసారి రెండ్రోజులు గదిలో పెట్టి తాళం వేశాడు, నీళ్ళు కూడా ఇవ్వలేదు. మళ్ళీ వాడి చేతిలో పడితే ఈసారి ప్రాణాలతో రాదు."

"పోలీసులకు చెప్పారా?"

"పిల్లని ఎత్తుకుపోయిందని వాడే ముందెళ్ళి కేసు పెట్టాడు. నేను వెళ్తే దాన్నే లోపలేస్తారు. మీరే వెతికిపెట్టాలి."

పిన్నిగారిని అంతకు ముందు నేను చూడలేదు. వాకబుకు వెళ్ళిన రోజు ఇంటికి తాళం వేసి ఉంది, పక్కింటివాళ్ళు చెప్పింది రాసుకుని వచ్చేశాను. ఆ మాట కూడా రిపోర్టులో నిజాయితీగా రాశాను. ఇప్పుడు ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నా ఎదురుగా నిలబడింది. చెయ్యవలసినదంతా నేనే చేసి, ఇప్పుడు నా దగ్గరికే సాయానికొస్తే ఏ మొహం పెట్టుకుని ఓదార్చను? చెప్పులేసుకుని బయల్దేరాను.

పదీ ముప్ఫయ్యైదుకు ఆటో ఆ వీధి మొదట్లో ఆగింది. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేనని పిన్నిగారు ఆటోలోనే ఉండిపోయింది.

ఓనరు గేటు దగ్గర స్టూలెక్కి అద్దె బోర్డు విప్పుతున్నాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. నేను వాడి వంక చూడలేదు. నా కళ్ళు ఎప్పుడూ మనుషులకన్నా ముందు మీటరు మీద పడతాయి. నాలుగు వేల నాలుగు వందల పదిహేడు. సంచిలోంచి నా పుస్తకం తీసి చూశాను. ఐదు రోజుల కిందట నేను రాసుకున్నదీ నాలుగు వేల నాలుగు వందల పదిహేడే.

"కింద మీ అమ్మగారూ నువ్వూ ఉంటామన్నావు కదూ?"

"అవునండి."

"ఐదు రోజుల్లో లైటు వెయ్యలేదు, ఫ్యాను వెయ్యలేదు, నీళ్ళ మోటారు తిప్పలేదు. మీ అమ్మగారు తపస్సు చేస్తున్నారా?"

వాడు స్టూలు దిగాడు. ఒక కాలికే చెప్పు ఉంది.

"ఇల్లెవరిదయ్యా?"

"మనదేనండి."

"మనదంటే? నాకూ వాటా ఉందా?"

అనేశాక నా మాట నాకే గుచ్చుకుంది. మొదటి రోజు నుంచీ వాడు అదే మాట అంటున్నాడు. మన పోర్షనుకి గాలి బాగా వస్తుందన్నాడు. మన వీధిలో గొడవలుండవన్నాడు. మీ రిపోర్టు లేకుండా మన ఇంట్లో ఎవరినీ చేర్చనన్నాడు. ఇల్లున్నవాడు పరాయి మనిషితో మాట్లాడితే 'మా ఇల్లు' అంటాడు. కట్టించినవాడికి ఆ 'మా' నోట్లోంచి ఊడదు. దారినపోయేవాళ్ళనందరినీ కలుపుకుని 'మన ఇల్లు' అనేది బ్రోకరొక్కడే. ఇరవై రెండేళ్ళు ఇంటింటి గడపా తొక్కినదాన్ని, అంత చిన్న సంగతి పట్టుకోలేకపోయాను. నా రిపోర్టును పొగిడాడు, దానికి మురిసిపోయి మిగతాది వినలేదు.

"బ్రోకరువి కదూ నువ్వు?"

"తాళాలు తీసి ఇళ్ళు చూపించేవాణ్ణమ్మా" అన్నాడు నేల చూస్తూ. "ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. పది రోజులు ఓనరుగా ఉండమని కోటాయన, అదే ఆ డిటెక్టివ్, చెప్పాడు. బేకరీలున్న ప్రతి వీధిలో కాగితాలంటించమన్నాడు. పిల్లతో ఒంటరిగా ఉన్న ఆడదానికి ఇల్లెవరిస్తారు, చచ్చినట్టు అదే వస్తుందన్నాడు."

అంటే నాలుగు దరఖాస్తులూ ఆ నాలుగోదాని కోసమే. మిగతా ముగ్గురాడవాళ్ళు ఉత్త పుణ్యానికి నా ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పారు. నాలుగోదాని వాకబు ఎవరు చేస్తే బాగుంటుందో కూడా వాళ్ళు ముందే ఆలోచించి పెట్టుకున్నారు.

"పొద్దున ఏం జరిగింది? టైముతో సహా చెప్పు."

"ఎనిమిదీ యాభైకి వచ్చింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆవిడ భర్త పైన వంటగదిలో ఉన్నాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారేమో అనుకున్నా. రెండు నిమిషాలు కాలేదమ్మా, ఆవిడ పరుగెత్తుకుంటూ దిగి నన్ను తోసేసి పోయింది. ఆయన వెంటపడేసరికి బస్సెక్కేసింది."

"పైన ఏం చూసింది?"

"నాకేం తెలుసు? నేను పైకెళ్ళలేదు."

"తాళంచెవి ఇలా పడెయ్."

పై పోర్షన్లో గోడలు గీకి వదిలేశారు, నేలంతా సున్నప్పొడి. అడుగులు అచ్చేసినట్టు కనిపిస్తున్నాయి. మగ బూట్లు వంటగదిలోకి వెళ్ళాయి, అక్కడ అటూ ఇటూ తిరిగాయి. ఆడవాళ్ళ చెప్పులు గుమ్మం దాటి, హాలు మధ్యదాకా నింపాదిగా వచ్చి, అక్కడ ఆగాయి. తిరుగు అడుగుల్లో మడమ గుర్తే లేదు, మునివేళ్ళ మీద పరుగెత్తింది.

ఆమె ఆగిన చోటే నేనూ నిలబడ్డాను. వంటగది అక్కడికి కనపడదు. కనపడేదల్లా ఎదురుగా ఉన్న పడకగది తలుపు. దానికి బయటవైపు కొత్త గొళ్ళెం, జానెడు పొడుగుంది. నాలుగు స్క్రూలూ మెరుస్తున్నాయి. దగ్గరికెళ్ళి చూశాను. లోపలివైపు గడియ పీకేశారు, దాని గుంటలు మాత్రం మిగిలాయి. కిటికీ రెక్కలకు అడ్డంగా చెక్క కొట్టారు. మూల ఒక ప్లాస్టిక్ బకెట్టు, ఒక చాప.

ఇంకెవరైనా అయితే గది ఎంత పెద్దదో చూసేవాళ్ళు, బీరువా పడుతుందా అని ఆలోచించేవాళ్ళు. రెండ్రోజులు తాళం వెనక ఉన్న మనిషి గొళ్ళెం ఏ వైపుందో చూస్తుంది. ఆ చూపే ఆ పిల్లను కాపాడింది. నేను ఐదు రోజుల కిందట ఈ పోర్షను మెట్ల దాకా వచ్చి, మీటరు చూసుకుని, పైకెక్కకుండా వెళ్ళిపోయాను. వచ్చేవాళ్ళ గురించి వాకబు చెయ్యడమే నా పని, ఇచ్చేవాడి గురించి కాదనుకున్నాను.

"గాలి బాగా వస్తుందా అక్కగారూ?"

తిరిగి చూడకుండానే తెలిసింది. ఎంత ఎండలోనూ కోటు విప్పని మనిషి ఈ పేటలో ఒక్కడే. మొగుడూ పెళ్ళాల తగాదాల్లో దూరి బతికే డిటెక్టివ్. పన్నెండేళ్ళుగా నా కేసులు వాడూ, వాడి కేసులు నేనూ చెడగొట్టుకుంటూ వస్తున్నాం. అప్పటికి పదకొండూ ఐదైంది.

"ఎంతకి తెగించావురా" అన్నాను. "నన్ను వేటకుక్కని చేసి వదిలావు."

"వదిలాను" అన్నాడు. "మూడు నెలలు తిరిగాను, ఆ అమ్మాయి నీడ కూడా దొరకలేదు. నన్ను చూస్తే ఏ ఆడదీ తలుపు తియ్యదు. నిన్ను చూస్తే కుర్చీ వేసి, కష్టం సుఖం చెప్పుకుంటారు. నాలుగు రోజుల్లో పట్టుకొచ్చావు."

"సిగ్గులేకుండా చెబుతున్నావు."

"భార్యతో ఒక్కసారి మాట్లాడాలన్నాడు, కూతుర్ని చూడాలని ఏడ్చాడు. నమ్మాను. నీకు మాత్రం ఎవరూ అబద్ధం చెప్పలేదా?"

వాడి రెక్క పట్టుకుని ఆ తలుపు దగ్గరికి లాక్కెళ్ళాను. వాడు గొళ్ళెం చూశాడు. లోపలికి తొంగి బకెట్టు చూశాడు. ఒక వేలితో స్క్రూ తల తడిమి ఆ వేలు కోటుకు తుడుచుకున్నాడు.

"ఇది నాకు తెలీదు" అన్నాడు చివరికి.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. పద, పోలీసు స్టేషనుకి పద. ఇదంతా అక్కడ చెప్పు."

"చెబుతాను. ఆ మొగుడు నన్ను ఇవాళ పదింటికే మాన్పించేశాడు. నీతో ఇక పనిలేదన్నాడు. ఎందుకన్నాడో అర్థంకాకే ఇక్కడికొచ్చాను. నీ రిపోర్టులో ఉన్న చోట్లన్నీ అప్పటికే వాడూ వాడి మనుషులూ చూసేశారు. పిన్ని ఇంటికి తాళం. బేకరీలో లేదు. పూచీ ఇచ్చిన ఇద్దరి దగ్గరా లేదు. ఇప్పుడింక కాగితం మీద ఏమీ మిగల్లేదు." వాడు నా మొహంలోకి చూశాడు. "అక్కగారూ, నీకింకేదైనా చోటు గుర్తొస్తే, వెళ్ళకు. ఇవాళ ఒక్కరోజు వెతకడం మానెయ్."

"నేను మానేస్తే నువ్వు ముందెళ్ళి పట్టుకుని పేరు కొట్టేద్దామనా?"

"అబ్బ, నీకు ఎంతసేపూ అదే గోల."

"నీ దగ్గరే నేర్చుకున్నాను. తప్పు చేసింది నేను, దిద్దుకునేదీ నేనే. నువ్వు స్టేషనుకెళ్ళి నీ సంగతి నువ్వు చూసుకో."

వాడు ఇంకా ఏదో అంటున్నాడు. నేను మెట్లు దిగిపోయాను. మంచి మాట శత్రువు నోట్లోంచి వస్తే అది మంచి మాటలా వినపడదు, ఏం చెయ్యను.

పదకొండూ ఇరవైకి వీధిలోంచే స్కూలుకి ఫోన్ చేశాను. ఆఫీసులో ఆవిడ విసుగ్గా చెప్పింది. పాపని వాళ్ళమ్మే వచ్చి తొమ్మిదీ ఇరవైకి తీసుకెళ్ళిందట, కడుపునొప్పని చెప్పి. నాకు ఒక్కసారి ఊపిరాడింది. బస్సు దిగి తిన్నగా కూతురి దగ్గరికి పరుగెత్తిందన్నమాట. ఇద్దరూ కలిసే ఉన్నారు. ఎక్కడున్నారన్నదే ఇప్పుడు తేలాలి.

కాగితం మీదున్న చోట్లకు ఆమె వెళ్ళదు, ఆ మాట కోటు చెప్పనక్కర్లేదు. ఫోన్లో పొద్దున ఆ దొంగ ఓనరు గొంతు విన్నప్పుడు కాకపోయినా, గొళ్ళెం చూసినప్పుడైనా నా రిపోర్టు ఎవరి చేతికి పోయిందో ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. నేను రాయనిది ఏమైనా ఉందా? అక్కడే ఎండలో నిలబడి, బేకరీలో ఆ అమ్మాయితో మాట్లాడిన అరగంటనూ మొదటి నుంచి తిరగేశాను.

ఒకటుంది. వాకబంతా అయిపోయాక, పుస్తకం మూసేశాక, ఊరికే అడిగాను, సెలవురోజున ఏం చేస్తావమ్మా అని. పాత భట్టీ గదికి వెళ్తానండీ అంది. బేకరీ కొత్త చోటికి మారకముందు రొట్టెలు కాల్చిన గది, రెండేళ్ళుగా మూసే ఉంది, మేస్త్రీ తాళంచెవి నా దగ్గరే ఉంచాడు. నేను అక్కడ కూర్చుని కొత్త కొత్త పూలు వేసి చూసుకుంటాను, పాప లెక్కలు చేసుకుంటుంది, ఎవరూ రారు అని చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు తప్ప ఆ పిల్ల మొహంలో నవ్వు చూడలేదు నేను. నా ఫారంలో దానికి గడి లేదు. అందుకని రాయలేదు.

ఆటో దగ్గరికి వెళ్ళేసరికి పిన్నిగారు రెండు చేతులూ చాచి నా చెయ్యి పట్టుకుంది.

"తెలిసిందా అమ్మా?"

"తెలిసిందనే అనుకుంటున్నాను. పాప కూడా తనతోనే ఉంది."

ఆవిడకు ఏడుపాగలేదు. "పిల్ల బాగుందా? భయపడిందేమో" అంటూ నా చెయ్యి వదల్లేదు. మీటర్లు చూసే రోజుల నుంచీ ఆ భట్టీ నాకు తెలుసు, డ్రైవరుకు దారి చెప్పాను. ఆవిడ ఫోన్ తీసి ఎవరికో మెసేజి పెట్టింది. చుట్టాలెవరో కంగారుపడుతుంటారులే అనుకున్నాను. దారంతా నా కాలు ఆగకుండా ఊగుతూనే ఉంది, ప్రతి సిగ్నలు దగ్గరా డ్రైవరు మీద విసుక్కున్నాను.

పదకొండూ నలభై ఎనిమిదికి ఆ సందులోకి వెళ్ళాం. ముందు షట్టరు తుప్పు పట్టి ఉంది. పక్కన సన్నటి దారి, చివర చెక్క తలుపు. ఈసారి మెట్లు మూడే, పిన్నిగారు నాకన్నా ముందెక్కింది. చెవి తలుపుకి ఆనించి విన్నాను. లోపల చిన్న గొంతు, ఏడో ఎక్కం. ఏడు ఆరుల దగ్గర తప్పు చెప్పింది. ఇంకో గొంతు ఉష్ అంది.

ఆ ఉష్ విన్నాక నా కళ్ళు చెమర్చాయి. మెల్లిగా తలుపు తట్టాను.

"అమ్మాయ్, నేను, వాకబమ్మని. రాయొద్దన్నా రాశాను, తప్పు నాదే. నిన్ను మంచి చోటికి తీసుకెళ్తాను. భయపడకు, మీ పిన్నిగారు కూడా నాతో ఉన్నారు."

లోపల ఎక్కం ఆగిపోయింది.

నా భుజం పక్క నుంచి ఆవిడ ముందుకు వంగి, అరచెయ్యి తలుపుకు ఆనించింది. ఆ గొంతులో నటన లేదు, ప్రేమే ఉంది. దేవుడి మీద ఒట్టేసి చెప్పగలను.

"బంగారుతల్లీ, ఎన్నాళ్ళైందే నీ గొంతు విని. నాన్నమ్మనొచ్చానమ్మా. తలుపు తియ్యి."

నాన్నమ్మ.

తల్లికి పిన్ని అయితే ఆ పిల్లకు అమ్మమ్మ అవుతుంది. ఎన్ని జన్మలెత్తినా నాన్నమ్మ అవదు. పిల్లకు నాన్నమ్మ అంటే వాడి తల్లి. గదిలో పెట్టి తాళం వేశాడని, నీళ్ళు కూడా ఇవ్వలేదని నాకు అంత వివరంగా చెప్పిన మనిషి ఆ ఇంట్లో ఆ తలుపుకు ఇవతల నిలబడి చూసిన మనిషే. పిన్నిని నేను చూడలేదని నేనే రాసిచ్చాను. కాగితం మీద ఏమీ మిగల్లేదని కోటు అన్నాడు. కాగితం అయిపోయాకే వీళ్ళకు నేను కావలసి వచ్చాను.

"నాన్నమ్మా?" అంది లోపలి నుంచి పాప, సంబరంగా. చిన్న పాదాలు పరుగెత్తుకొచ్చిన చప్పుడు. గడియ కదిలింది.

"పాపా, ఆగు" అని లోపల తల్లి గొంతు చీరుకుపోయింది. గడియ సగంలో ఆగింది.

నేను ఆవిణ్ణి పక్కకు నెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఆవిడ నన్ను తిట్టలేదు, తొయ్యలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అవి నిజం కన్నీళ్ళే.

"మీ పని చాలా బాగుంటుందని మా అబ్బాయి అన్నాడమ్మా" అంది. "నా మనవరాలిని నాకు చూపించారు. మీకు పుణ్యం ఉంటుంది."

సందు మొదట్లో కారాగింది. తలుపులు రెండు తెరుచుకుని, రెండూ మూసుకున్నాయి. బూట్ల చప్పుడు ఇటే వస్తోంది, తొందరేమీ లేకుండా. నా ఫోను సంచిలో ఉంది, సంచి ఆటోలో ఉంది. స్టేషనుకెళ్ళమని కోటును నేనే తరిమేశాను, వాడు వెళ్ళాడో లేదో తెలీదు. వెళ్ళినా ఈ చోటు వాడికి చెప్పలేదు నేను.

తల వెనక్కి తిప్పి, చెక్క సందులో పెదాలు పెట్టి అన్నాను.

"గడియ వేసుకో తల్లీ. ఏదైనా బరువైనది తలుపుకి అడ్డం పెట్టు. ఇక ఎవరు పిలిచినా తియ్యకు. నేను పిలిచినా తియ్యకు."